పెద్ద పెరటి తోటకు నీళ్లు ఎప్పుడు, ఎంత, ఎక్కడ పెట్టాలి (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. మీలో చాలామంది పొద్దున్నే పైపు పట్టుకుని తోటంతా ఒక చుట్టు తిరుగుతారు. ప్రతి మొక్క దగ్గరా కాసేపు ఆగి, పైన మట్టి నల్లబడిందనగానే పక్క మొక్కకి వెళ్లిపోతారు. గంటో గంటన్నరో పడుతుంది, రోజూ అదే పని, అయినా ఎండలు ముదిరేసరికి ఆకులు వేలాడిపోతాయి. అప్పుడు మనందరం అనుకునేది నీళ్లు చాలడం లేదని. ట్యాంకు పెద్దది కట్టించాలనో, మోటారు మార్చాలనో ఆలోచిస్తాం. చాలా తోటల్లో అసలు సంగతి వేరే. రోజూ అన్నిటికీ కొంచెం కొంచెం పంచడం వల్ల ఏ మొక్క వేరుకీ నీరు సరిగ్గా అందడం లేదు. పది కుండీలున్న ఇంట్లో ఆ పద్ధతి బాగానే నడుస్తుంది. చెట్లు, తీగలు, పూలమొక్కలు, గడ్డి అన్నీ కలిసి ఐదు వందల చదరపు మీటర్లు దాటిన తోటలో అది నడవదు. ఎందుకు నడవదో ముందు ఒక చిన్న లెక్కతో చూద్దాం, భయపడకండి, కూడికలు గుణకారాలే.

ఒక చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు పోస్తే అది ఒక మిల్లీమీటరు వానతో సమానం. ఉష్ణమండలంలో ఎండ, గాలి బాగా ఉన్న పొడి రోజుల్లో పచ్చగా కమ్ముకున్న తోట నుంచి రోజుకి సుమారు 5 నుంచి 7 మిల్లీమీటర్ల నీరు గాల్లో కలిసిపోతుంది, కొంత ఆకుల్లోంచి, కొంత మట్టిలోంచి. మబ్బు పట్టి గాల్లో తేమ ఉన్న రోజుల్లో అది 3, 4 మిల్లీమీటర్లకి పడిపోతుంది. ఇప్పుడు నాలుగు మీటర్ల అడ్డకొలత కొమ్మలు పరుచుకున్న చెట్టుని తీసుకోండి. దాని నీడ పడే చోటు పన్నెండున్నర చదరపు మీటర్లు ఉంటుంది. రోజుకి 5 మిల్లీమీటర్లు అనుకుంటే అరవై లీటర్ల పైమాట, చెట్టు కొంచెం నిబ్బరంగలది అనుకుని తగ్గించినా నలభై ఐదు. మీ పైపు నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో మీకు తెలుసా? ఒక బకెట్ పెట్టి, ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి. పదిహేను లీటర్ల బకెట్ నిమిషంలో నిండిందనుకుందాం. మనం ఆ చెట్టు దగ్గర నిలబడేది ఒక నిమిషం. అంటే పదిహేను లీటర్లు. ఆ నీడ మొత్తం మీద పరిస్తే అది ఒక మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. అది పైపైన ఒక వేలు మందం మట్టిని తడిపి, మధ్యాహ్నానికల్లా ఆవిరైపోతుంది. చెట్టుకి అందింది దాదాపు ఏమీ లేదు. రోజుకి అరవై చొప్పున ఐదు రోజులకి కావాల్సిన మూడు వందల లీటర్లనీ ఒకేసారి కలిపి, ఇరవై నిమిషాల పాటు ఆ చెట్టు కిందే వదిలేస్తే లోపలికి దిగుతుంది. లోపలికి దిగిన నీటిని ఎండ అంత తేలిగ్గా లాక్కోలేదు.

అయితే ఎంత లోపలికి దిగిందో ఎలా తెలుస్తుంది? పైనుంచి చూస్తే తెలియదు. మట్టి పైన నల్లగా ఉన్నంత మాత్రాన కింద తడి ఉన్నట్టు కాదు, పైన తెల్లగా పొడిబారినంత మాత్రాన కింద ఆరిపోయినట్టూ కాదు. దీనికి మీటర్లూ యంత్రాలూ కొననక్కర్లేదు. రెండున్నర అడుగుల సన్నటి ఇనుప ఊచ ఒకటి దగ్గర పెట్టుకోండి, పైన పట్టుకోవడానికి వంచి పెట్టుకుంటే ఇంకా మంచిది. నీళ్లు పెట్టిన మర్నాడు పొద్దున చెట్టు నీడ అంచు దగ్గర ఆ ఊచని నిదానంగా దించండి, బలం పెట్టకండి. తడి ఉన్నంత మేర మెత్తగా దిగిపోతుంది, పొడి మట్టి తగలగానే గట్టిగా ఆగుతుంది, చేతికి స్పష్టంగా తెలుస్తుంది. రాయి తగిలితే ఆ చప్పుడు, ఆ తాకిడి వేరు. పక్కన ఇంకో చోట గుచ్చి చూస్తే సందేహం తీరిపోతుంది. ఆగిన చోట ఊచ మీద వేలు పెట్టి పైకి తీసి కొలవండి. పూలమొక్కలు, కూరగాయల మడి అయితే ఒక జానెడు దిగితే చాలు, చెట్లకి మాత్రం ఒకటిన్నర అడుగు, రెండు అడుగులు దిగాలి. ఏ పుస్తకం చెప్పినా, నేను చెప్పినా, మీ నేలకి ఎన్ని నిమిషాలు నీళ్లు వదలాలో ఖాయంగా చెప్పగలిగేది ఆ ఊచే.

ఎందుకంటే నేలని బట్టి లెక్క మొత్తం మారిపోతుంది. 25 మిల్లీమీటర్ల నీళ్లు పెడితే ఇసుక నేలలో అడుగు లోతు దాకా దిగుతాయి, మామూలు గరప నేలలో ఆరేడు అంగుళాలు, బంకమట్టిలో నాలుగైదు అంగుళాలే. ఇసుక త్వరగా తాగుతుంది, త్వరగా వదిలేస్తుంది, అందుకే అక్కడ రెండు మూడు రోజులకోసారి తక్కువ తక్కువ పెట్టుకోవాలి, ఒకేసారి ఎక్కువ పోస్తే వేరు దాటి కిందికి పోయి ఎరువుని కూడా పట్టుకుపోతుంది. బంకమట్టి సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అది గంటకి 5 మిల్లీమీటర్ల లోపే పీల్చుకుంటుంది. మీరు పైపు ఫుల్లుగా తిప్పి వదిలితే ఐదు నిమిషాల్లో చెట్టు చుట్టూ తీసిన పాదు నిండి, పొర్లి దారి మీదికి వచ్చేస్తుంది, మనమేమో చెట్టుకి చాలా నీళ్లు పెట్టామనుకుంటాం. అలాంటి నేలకి తడి రెండు మూడు విడతలుగా పెట్టాలి. ఒక చెట్టు పాదు నింపి పక్క చెట్టుకి వెళ్లండి, మొదటి నీళ్లు పూర్తిగా ఇంకాక మళ్లీ మొదటి చెట్టు దగ్గరికి రండి, అప్పుడు రెండో విడత పెట్టండి. వాలు ఉన్న చోట కూడా ఇదే పద్ధతి, దానికి తోడు వాలుకి అడ్డంగా చిన్న గట్టు వేసుకుంటే నీళ్లు పరుగెత్తకుండా అక్కడే నిలిచి ఇంకుతాయి.

పాదు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఎక్కడ చూసినా పాదు చెట్టు మొదట్లోనే ఉంటుంది. మొక్క నాటినప్పుడు అడుగు వెడల్పుతో చేసినది, చెట్టు పెరిగి ఇంటి కప్పుని అందుకున్నా అదే అడుగు వెడల్పు! చెట్టుకి నీటిని పీల్చే సన్నటి వేళ్లు మొదట్లో తక్కువ, కొమ్మల చివర నీడ పడే అంచు దగ్గరా, ఇంకా అవతలా ఎక్కువ. మొదట్లో ఉండేవి లావుపాటి వేళ్లు, చెట్టుని నిలబెట్టడానికే వాటి ప్రధానమైన పని. అక్కడ రోజూ నీళ్లు నిలిస్తే మొదలు బెరడు మెత్తబడి కుళ్లు తెగులుకి దారి ఇస్తుంది. కాబట్టి ఏడాదికోసారి, వానలు వెళ్లిపోయాక, పార తీసుకుని పాదుని వెడల్పు చేయండి. కాండం చుట్టూ జానెడు మేర మట్టి కాస్త ఎత్తుగా పోసి, దాని అవతల ఉంగరంలా పల్లం తీయండి. లోతుగా తవ్వకండి, వేళ్లు తెగుతాయి, నాలుగు వేళ్ల లోతు సరిపోతుంది.

ఇక తోటని విభజించుకోవడం. ఇది ఒక్కరోజు కూర్చుని కాగితం మీద చేసుకోవాల్సిన పని, కానీ తర్వాత ఏళ్ల తరబడి మీ శ్రమ తగ్గిస్తుంది. ఏ మొక్క ఎంత దాహంగలదో దాని ప్రకారం తోటని మూడు నాలుగు భాగాలు అనుకోండి. అరటి, బొప్పాయి, పసుపు, అల్లం, ఆకుకూరలు, నారుమళ్లు ఒక గుంపు. వీటి వేళ్లు పైపైనే ఉంటాయి, అరటివి ఎక్కువభాగం అడుగున్నర లోపే, అందుకని వీటికి తరచుగా కావాలి. కూరగాయలు, మందార, గులాబీ, మల్లె లాంటివి రెండో గుంపు. బాగా పాతుకున్న మామిడి, సపోటా, సీతాఫలం, వేప లాంటి చెట్లు మూడోది. కాగితం పూలు, గన్నేరు, నాగజెముడు, కలబంద నాలుగోది. వీటికి మీరు ఎంత తక్కువ జోక్యం చేసుకుంటే అంత బాగుంటాయి. సమస్యంతా ఎక్కడంటే, కలబంద పక్కన అరటి, గులాబీ పక్కన కాగితం పూల తీగ నాటుకుని ఒకే పైపుతో ఒకే రకంగా తడుపుతాం. ఒకటి ఎండుతుంది, ఒకటి కుళ్లుతుంది. ఇప్పటికే నాటినవాటిని పెకలించమనను, కొత్తగా నాటేటప్పుడైనా గుంపులో పెట్టండి, దాహం ఎక్కువగల గుంపుని ట్యాంకుకీ ఇంటికీ దగ్గరగా పెట్టండి, రోజూ చూడాల్సినవి కళ్ల ముందుంటాయి.

గడ్డి గురించి ఒక్క మాట. తోటలో ఒక్కో చదరపు మీటరుకి ఎక్కువ నీళ్లు తాగి తక్కువ ఇచ్చేది పచ్చిక. పిల్లలు ఆడుకునేంత మేర ఉంచుకుని మిగతా చోట నేల మీద పాకే మొక్కలు వేసుకోండి. ఉన్న గడ్డిని మరీ నున్నగా కత్తిరించకండి, పొడుగ్గా ఉంటే తన వేరుని తానే నీడలో పెట్టుకుంటుంది.

(సభలోంచి ఒక ప్రశ్న: మధ్యాహ్నం మొక్కలు తల వాల్చేస్తే వెంటనే నీళ్లు పోయాలా? ఎండలో నీళ్లు పడితే ఆకులు మాడతాయంటారు కదా?)

మంచి ప్రశ్న, రెండు భాగాలుగా చెప్తానమ్మా. మధ్యాహ్నం ఆకులు వాలడం చాలా మొక్కలకి సహజం, గుమ్మడి, బీర, ఆనప తీగల్ని చూడండి, రెండు గంటలకి ప్రాణం పోయినట్టు ఉంటాయి. వేరు పైకి పంపే వేగం కంటే ఆకు వదిలే వేగం ఎక్కువైనప్పుడు అలా అవుతుంది, మట్టిలో తడి బాగా ఉన్నా సరే. సాయంత్రం తిరిగి లేచాయా లేదా చూడండి, ఇంకా మంచిది మర్నాడు పొద్దున ఎండ రాకముందు చూడండి. అప్పటికీ వాలి ఉంటే అది నిజమైన దాహం, వెంటనే నీళ్లు పెట్టాలి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి. నీళ్లు ఎక్కువై వేరు కుళ్లిన మొక్క కూడా అచ్చం అలాగే వాలిపోతుంది, వేరు చచ్చాక నీటిని పీల్చేదెవరు? దాన్ని చూసి పాపం ఎండిపోయిందని ఇంకా నీళ్లు పోస్తాం, అంతటితో అది చచ్చిపోతుంది. నీళ్లు తక్కువైన మొక్క ఆకు పెళుసుగా, అంచుల్లో ఎండి ఉంటుంది. ఎక్కువైన మొక్కకి కింది ఆకులు పసుపెక్కి మెత్తగా వేలాడతాయి, మట్టి ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసనో మురుగు వాసనో వస్తుంది. ఏ నిర్ణయమైనా ఊచ గుచ్చి చూశాకే.

ఇక ఆకులు మాడడం. నీటిబొట్టు భూతద్దంలా పనిచేసి ఆకుని కాల్చేస్తుందని అందరూ అంటారు. హంగరీ శాస్త్రవేత్తలు దీన్ని ప్రయోగం చేసి చూసి 2010లో ప్రచురించారు. నున్నటి ఆకుల మీద నీటిబొట్ల వల్ల కాలిన మచ్చలు రాలేదు. బొట్టుని పైకెత్తి పట్టుకునే నూగు ఉన్న ఆకుల మీద మాత్రం అలా జరిగే వీలుందని తేల్చారు. కాబట్టి మధ్యాహ్నం మొక్క నిజంగా చచ్చేలా ఉంటే మొదట్లో నీళ్లు పోయండి, ఏమీ కాదు. కానీ ఒకటి చూసుకోండి, ఎండలో పడి ఉన్న పైపులోని నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి, ముందు వాటిని బకెట్‌లోకి పట్టేసి, చల్లటి నీళ్లు వచ్చాకే మొక్కకి పెట్టండి. మామూలు రోజుల్లో తెల్లవారుజామున పెట్టడం మేలు. గాలి ఉండదు, ఆవిరి తక్కువ, తడిసిన ఆకులు ఎండ రాగానే ఆరిపోతాయి. సాయంత్రం పెట్టక తప్పని వాళ్లు ఆకుల మీద పడకుండా నేల మీదే పెట్టండి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే ఆకుమచ్చ తెగుళ్లకి పండగే.

ఇప్పుడు నా మనసుకి బాగా దగ్గరైన విషయానికి వస్తున్నాను, నేలని కప్పి ఉంచడం. ఎర్రటి ఎండలో వట్టి నేల పైపొర వేడి 50 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో పైపైన ఉన్న సన్నటి వేళ్లు బతకవు, వానపాములు ఉండవు. ఎంతో ప్రేమగా చెత్త ఊడ్చి, ఆకులన్నీ పోగేసి తగలబెట్టి, నేలని అద్దంలా ఉంచుకునే తోటల్ని చూస్తే నాకు నిజంగా బాధ వేస్తుంది, ఆ ఆకులు ఆ చెట్టువే, దాని కిందికే చేరాలి. ఎండుటాకులు, ఎండిన గడ్డి, కొబ్బరి పీచు, ముక్కలు చేసిన కొమ్మలు, ఏదైనా సరే మూడు నాలుగు అంగుళాల మందాన పరచండి. పరిచేముందు నేలని బాగా తడపండి, పొడినేల మీద పరిస్తే చిన్న జల్లులన్నీ ఆ ఆకులే తాగేస్తాయి, కిందికి దిగవు. కాండానికి జానెడు దూరం వదలండి, ఆనించి పోస్తే బెరడు కుళ్లుతుంది, చెదలు కూడా చాటుగా ఎక్కుతాయి. చెదలు ఉన్న చోట ఒకేసారి మందంగా కాక పలచగా వేస్తూ, అప్పుడప్పుడూ కదిపి చూస్తుండండి.

ఇక్కడ మన వాతావరణానికి సంబంధించిన ఒక నిజం ఉంది. చలిదేశాల పుస్తకాల్లో ఏడాదికి ఒకసారి ఆకులు పరవమంటారు. ఉష్ణమండలంలో అది కుదరదు, వేడి పది డిగ్రీలు పెరిగితే కుళ్లే వేగం దాదాపు రెట్టింపవుతుంది, పైగా తేమ ఉంటుంది. వానాకాలం మొదట్లో పరిచిన ఆకుల దుప్పటి ఆ కాలం వెళ్లేసరికి కరిగి మట్టిలో కలిసిపోతుంది. అది నష్టం అనుకోకండి, మట్టికి తిండి దొరికింది. కానీ మళ్లీ మళ్లీ వేస్తూ ఉండాలి. తోటలో ఒక మూల ఆకుల పోగు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. కంపోస్టు, పశువుల ఎరువు కూడా అంతే, ఏడాదికోసారి గంపలు గంపలు వేసేకన్నా మూడు నాలుగు నెలలకోసారి కొద్దికొద్దిగా వేయండి. ఇసుక నేల నీటిని పట్టి ఉంచడానికీ, బంకమట్టి నీటిని లోపలికి రానివ్వడానికీ మందు ఇదొక్కటే.

డ్రిప్ గురించి అడుగుతారని తెలుసు. పెద్ద తోటకి డ్రిప్ మంచిదే, నేను గట్టిగా సమర్థిస్తాను. 1960ల్లో ఇజ్రాయెల్‌లో సిమ్ఖా బ్లాస్ అనే ఇంజినీరు రూపు దిద్దిన ఈ పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా ఉంది, నీరు నేరుగా వేరు దగ్గరికే వెళ్తుంది, కలుపు తక్కువ, ఆకులు తడవవు. కానీ పెట్టించేసి మర్చిపోతే మాత్రం పైపు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే పైపు పట్టుకున్నప్పుడు కనీసం మొక్కని చూస్తాం. గంటకి 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్ ఒక్కటి పెట్టి, గంట సేపు వదిలి, చెట్టుకి నీళ్లు పెట్టామనుకుంటే ఎలా? నాలుగు లీటర్లే అవి! ఇందాకటి లెక్క గుర్తు తెచ్చుకోండి. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఒకటి రెండు చాలు, పెరిగేకొద్దీ నాలుగు, ఆరు, ఎనిమిది పెడుతూ, వాటిని కాండం నుంచి నీడ అంచు వైపు జరుపుతూ పోవాలి, చెట్టు చుట్టూ ఉంగరంలా పైపు తిప్పుకుంటే ఇంకా మంచిది. ఫిల్టర్ వారానికోసారి కడగాలి. నెలకోసారి పైపుల చివర బిరడాలు తీసి నీళ్లు ధారగా వదిలితే లోపలి బురద, నాచు బయటికి వస్తుంది, మొదటిసారి వచ్చే ఆ గోధుమరంగు నీళ్లు చూస్తే అది ఎందుకు అవసరమో మీకే అర్థమవుతుంది. ఇంకొకటి, లైనులో మొదటి డ్రిప్పర్ కింద ఒక గిన్నె, చివరి డ్రిప్పర్ కింద ఒక గిన్నె పెట్టి పావుగంట తర్వాత రెండిట్లో నీళ్లు పోల్చండి. చివర బాగా తక్కువ ఉంటే ఒత్తిడి చాలడం లేదు, లేదా మూసుకుపోయాయి. లైనుని రెండు భాగాలు చేసి ఒకదాని తర్వాత ఒకటి తిప్పుకోండి. ఎలుకలు, ఉడతలు దాహానికి పైపులు కొరుకుతాయి, వాటికోసం ఒక పళ్లెంలో నీళ్లు పెడితే కొంత తగ్గుతుంది.

కుండీల సంగతి త్వరగా ముగిస్తాను, ఇవాళ్టి విషయం నేల కాబట్టి. కుండీలకి మాత్రం ఎండాకాలంలో రోజూ నీళ్లు కావాలి, నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో ఉంటే లోపల మట్టి వేడెక్కి వేళ్లు ఉడికిపోతాయి, దాన్ని నీడలోకి జరపండి లేదా కుండీలన్నిటినీ దగ్గర దగ్గరగా చేర్చండి. కుండీలో మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని సరిగ్గా తీసుకోదు, పోసినవి పోసినట్టే పక్క నుంచి జారి కింద రంధ్రంలోంచి వచ్చేస్తాయి. మనం బాగా తడిసిందనుకుంటాం. కుండీ ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటే దాన్ని తొట్టెలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచండి.

నీళ్లు ఎక్కడి నుంచి తేవాలి అన్నది ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది. వంద చదరపు మీటర్ల పైకప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే రెండు వేల లీటర్లు, కొంత పోయినా పదహారు, పదిహేడు వందలు చేతికొస్తాయి. అన్నీ ట్యాంకులో పట్టలేం, కప్పు గొట్టాన్ని నేరుగా చెట్ల వైపు తిప్పి ఇంకించండి, నేలకంటే పెద్ద ట్యాంకు మన దగ్గర లేదు. బట్టలు ఉతికిన నీళ్లు వాడుకోవచ్చు. ఆకుకూరలకీ దుంపలకీ వద్దు, అరటికీ చెట్లకీ పెట్టండి, ఒకే చోట కాక మార్చి మార్చి పెట్టండి, నిల్వ మాత్రం చేయకండి, రోజు దాటితే కంపు కొడతాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, ఆకుల చివర్లు మాడతాయి. అలాంటప్పుడు కొంచెం కొంచెం పోస్తే ఉప్పు పైనే పేరుకుంటుంది, అప్పుడప్పుడూ నీళ్లు కిందికి బాగా దిగే చోట ధారాళంగా పెట్టి ఉప్పుని కిందికి తోసేయాలి.

నీళ్లు నిల్వ ఉంచే ప్రతి ఇంటికీ ఒక బాధ్యత ఉంది. డెంగీని మోసే ఏడిస్ దోమ ఎక్కువగా మంచినీళ్లలో పెరుగుతుంది, గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. గుడ్లు గిన్నె అంచుకి అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి. అందుకే కుండీల కింది పళ్లాల్లో నీళ్లు పారబోస్తే సరిపోదు, వారానికోసారి పీచుతో రుద్ది కడగాలి. పీపాలకి సన్నటి వల బిగించండి. పైనాపిల్ జాతి అలంకారపు మొక్కల ఆకుల మధ్య కూడా నీళ్లు నిలుస్తాయి, పైపుతో కొట్టి ఆ నీళ్లు మార్చేయండి. మీ తోటకి మీరు ఎంత బాగా నీళ్లు పెట్టినా, పక్కింటి పిల్లలకి జ్వరం రాకూడదు.

ఇప్పటిదాకా నీళ్లు పెట్టడం గురించి చెప్పాను, పెట్టకుండా ఉండాల్సిన సమయం కూడా ఉంది. మామిడికి పూత రావాలంటే అంతకు ముందు రెండు మూడు నెలలు బెట్ట, అంటే నీళ్లు పెట్టకుండా ఎండగట్టడం, కావాలి. ఆ సమయంలో పక్కనున్న గడ్డికోసమో పూలకోసమో నీళ్లు పెడుతూ ఉంటే చెట్టు పూత మానేసి కొత్త చిగుళ్లు వేస్తుంది. మనకి ఆకులు నిగనిగలాడుతూ కనబడతాయి, కాయ ఉండదు. పిందె బఠానీ గింజంత అయ్యాక మళ్లీ తడి మొదలుపెట్టండి, అప్పుడు మాత్రం తడి తప్పించకూడదు, ఎండగట్టి ఒక్కసారిగా పెడితే పిందె రాలుతుంది, కాయలు పగులుతాయి. నిమ్మ కూడా బెట్టకి గురై తర్వాత తడి అందగానే పూస్తుంది. కాగితం పూల తీగ అయితే చెప్పనక్కర్లేదు, ఎండగడితేనే రంగు. ఇది కాపుకొచ్చిన చెట్ల సంగతి, మూడు నాలుగేళ్ల లోపు చిన్న చెట్లని ఎండగట్టకండి.

వానాకాలం రాగానే మనం పైపు చుట్టి పెట్టేసి నిశ్చింతగా ఉంటాం. నా దృష్టిలో తోట ఎక్కువ నష్టపోయేది అప్పుడే. బొప్పాయి మొదట్లో రెండు రోజులు నీళ్లు నిలిస్తే చాలు, చెట్టు పోతుంది. మిరప, టమాటా, వంగ కూడా తట్టుకోలేవు. వానలకి ముందే కాలువలు బాగుచేసుకోవాలి, పాదులకి ఒక పక్క గండి కొట్టాలి, కూరగాయల్ని అడుగు ఎత్తు బోదెల మీద నాటాలి. పెద్ద వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఒకసారి తోటంతా తిరగండి, నీళ్లు ఎటు వస్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, ఎటు పోతున్నాయి అనేది ఆ పావుగంటలో తెలిసినంతగా ఏడాదంతా తెలియదు. నీళ్లు ఆగిన చోట ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి, తెరిపిచ్చాక అక్కడ పని చేయండి. గాలివానకి ముందు ఒత్తుగా ఉన్న కొమ్మల్ని పలచన చేయండి, ఇంటి మీదికి వాలిన ఎండుకొమ్మలు తీయించండి. నత్రజని ఎరువు భారీ వానల మధ్య వేయకండి, నీళ్లతో కొట్టుకుపోతుంది, తెరిపి చూసి కొద్దిగా వేయండి. వానాకాలంలో కూడా వరుసగా వారం పది రోజులు చినుకు లేకపోతే కొత్తగా నాటిన మొక్కలకి తడి కావాలని మర్చిపోకండి, అవి చాలావరకు ఆ విరామంలోనే పోతాయి.

నీళ్లు పెట్టే శ్రమ తగ్గించుకుంటే మిగిలిన ఆ సమయంలో ఖాళీ చేతులతో తోటలో తిరగండి. ఆకు తిప్పి చూడండి. పొడి ఎండల్లో ఆకు అడుగున సన్నటి సాలెగూడులా కనబడితే ఎర్రనల్లి, పైపుతో అడుగు భాగాన్ని గట్టిగా కడిగితే చాలావరకు పోతుంది. తెల్లటి దూదిలా ఉంటే పిండినల్లి, దానికి చీమలే కాపలా, చీమల్ని ఆపకుండా మందు కొట్టి లాభం లేదు. వానల్లో పెద్ద ఆఫ్రికా నత్తలు కనబడితే చేతి తొడుగు వేసుకునే ఏరండి, అవి మనిషి మెదడుకి హాని చేసే పరాన్నజీవిని మోయగలవు, పిల్లల్ని ముట్టనివ్వకండి. కలుపు పూత పట్టకముందే పీకితే సగం పని తగ్గినట్టే.

(మరో ప్రశ్న: రెండు వారాలు ఊరెళ్లాలి, డ్రిప్ లేదు, చూసేవాళ్లు లేరు. ఏం చేయాలి?)

చెట్లకి బెంగ పెట్టుకోకండి, వెళ్లేముందు రోజు బాగా లోతుగా తడి పెట్టి, ఆకులు మందంగా కప్పేస్తే నేలలో పాతుకున్నవి రెండు వారాలు ఆగుతాయి. కుండీలన్నిటినీ చెట్టు నీడలోకి చేర్చండి, పూలు, లేత చివర్లు కొంచెం కత్తిరించండి, ఆకు తగ్గితే దాహం తగ్గుతుంది. కూరగాయల మడికి, చిన్న మొక్కలకి మాత్రం మట్టి కుండలు పాతండి. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటే వాడిన పద్ధతి ఇది. మెరుగు పూయని కుండ అయి ఉండాలి, అడుగున చిల్లు ఉండకూడదు. మొక్కల మధ్య మెడ దాకా పాతి నీళ్లతో నింపితే మట్టి ఎండేకొద్దీ కుండ గోడల్లోంచి నీరు దానంతట అదే ఊరుతుంది, తడిగా ఉంటే ఆగిపోతుంది. కుండ సైజుని బట్టి, నేలని బట్టి కొద్ది రోజుల నుంచి వారం దాకా వస్తుంది, కాబట్టి పెద్ద కుండలే తీసుకోండి, మధ్యలో ఒక్కసారి ఎవరైనా వచ్చి నింపేలా మాట్లాడుకోండి. ఊరెళ్లే రోజున పాతకండి, కనీసం రెండు మూడు వారాల ముందు పాతితే వేళ్లు కుండ చుట్టూ చేరతాయి, మీ నేలలో ఎన్ని రోజులకి ఖాళీ అవుతుందో కూడా మీకు తెలిసిపోతుంది. మూత గట్టిగా పెట్టండి, దోమ దూరకుండా.